టంబుల్ డ్రయ్యర్: లీటరు నీటికి ఒక యూనిట్ లెక్క

మన ఇళ్లలో డ్రయ్యర్ అంటే సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషీన్‌లో ఉతికే తొట్టి పక్కన ఉండే చిన్న తొట్టి. అది బట్టల్ని గిరగిరా తిప్పి నీళ్లు చిమ్మేస్తుందే తప్ప ఆరబెట్టదు. ఫుల్లీ ఆటోమేటిక్ టాప్ లోడ్ మెషీన్ల మీద 'ఎయిర్ డ్రై' అని రాసి ఉండేదీ అంతే, కాస్త గాలి లాక్కుంటూ ఇంకాసేపు తిప్పుతుంది. వేడిగాలి కొట్టి, దండెం మీంచి తీసినట్టు పొడిగా చేతికిచ్చేది టంబుల్ డ్రయ్యర్ ఒక్కటే. షాపులో ఈ పూర్తి పేరుతోనే అడగండి.

మోడళ్లు చూసే ముందు మీ వాషింగ్ మెషీన్ స్పిన్ (నీళ్లు పిండేటప్పుడు డ్రమ్ము తిరిగే వేగం) ఎంతో చూడండి. డ్రయ్యర్ ఖర్చంతా బట్టల్లో మిగిలిన నీళ్లమీదే ఆధారపడి ఉంటుంది. 1000 ఆర్‌పీఎం (నిమిషానికి 1000 చుట్లు) దగ్గర పిండిన 5 కిలోల నూలు బట్టల్లో ఇంకా సుమారు 3 లీటర్ల నీళ్లు ఉంటాయి. 1400 దగ్గర అది రెండున్నర లీటర్లకు దిగుతుంది. 700 చుట్టూ తిరిగే టాప్ లోడ్ అయితే మూడున్నర, ఒక్కోసారి నాలుగు. లీటరు నీటిని ఆవిరి చేయడానికి ఎంత మంచి హీటరుకైనా 0.65 యూనిట్ దాకా తప్పదు. గొట్టంలోంచి, డ్రమ్ములోంచి పోయే వేడి కూడా కలుపుకుంటే హీటర్ డ్రయ్యర్‌కు లీటరుకు ఒక యూనిట్ అని గుర్తుపెట్టుకోండి. అదే లీటరును స్పిన్‌లో తీసేయడానికి అయ్యే కరెంటు లెక్కలోకే రాదు. అందుకే టాప్ లోడ్ ఉన్నవాళ్లు డ్రయ్యర్‌లో వేసే ముందు స్పిన్ ఒక్కటే ఇంకోసారి పెట్టాలి. ఆ ఎనిమిది, పది నిమిషాలు డ్రయ్యర్‌లో సమయం మిగులుస్తాయి.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన పెద్దవాళ్లు 'అక్కడ ముప్పావు గంటలో ఆరిపోయేవి, ఇక్కడిది గంటన్నర తీసుకుంటోంది, మెషీన్ పాడేమో' అంటుంటారు. పాడేం కాదు. అక్కడి ఎలక్ట్రిక్ డ్రయ్యర్‌కు 240 వోల్టుల, 30 యాంప్స్ ప్రత్యేక సాకెట్ ఉంటుంది, హీటర్ 5 కిలోవాట్ల దాకా ఉంటుంది. మన 16 యాంప్స్ ప్లగ్గుకు తగిలించే మెషీన్‌లో హీటర్ దాదాపు 2 కిలోవాట్లే. సగం వేడికి రెట్టింపు సమయం పడుతుంది.

ఇక రకాలు. వెంటెడ్ అంటే తడిగాలిని గొట్టం ద్వారా బయటికి వదిలేసేది. చవక, తేలిక, రిపేరుకు సులువు. బట్టల్లోంచి తీసిన ఆ మూడు లీటర్ల నీళ్లూ ఆవిరిగా బయటికి రావాల్సిందే. గొట్టం పెట్టకుండా గదిలోనే వదిలేస్తే అవి గోడలకూ అల్మరా వెనక్కూ చేరతాయి, రెండు నెలల్లో బూజు కనబడుతుంది. గ్రిల్ తప్ప అడ్డంలేని యుటిలిటీ బాల్కనీలో అయితే గొట్టం లేకపోయినా నడుస్తుంది. గదిలో పెడితే మాత్రం 4 అంగుళాల అల్యూమినియం గొట్టం వేసి, రెండు మీటర్లు మించకుండా, ఒకటి రెండు మలుపులతో బయటికి తీయండి. ప్లాస్టిక్ గొట్టం వద్దు. మలుపు మలుపుకూ బట్టల్లోంచి రాలే నూగు పేరుకుని గాలి నెమ్మదిస్తుంది, బట్టలు ఆరవు, లోపల వేడి పెరుగుతుంది. ఇంకో ముఖ్యమైన మాట: గ్యాస్ గీజర్ ఉన్న గదిలో వెంటెడ్ డ్రయ్యర్ పెట్టొద్దు. డ్రయ్యర్ ఫ్యాన్ గదిలో గాలిని బయటికి తోసేస్తుంటే, గీజర్ పొగ బయటికి పోవడానికి బదులు గదిలోకే తిరిగొస్తుంది. అందులో వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది.

కండెన్సర్ రకం ఆ ఆవిరిని లోపలే చల్లబరిచి నీళ్లుగా ట్రేలో పడేస్తుంది. గొట్టం అక్కర్లేదు, కానీ వేడంతా గదిలోనే ఉండిపోతుంది, కరెంటు వెంటెడ్‌కు తగ్గదు. మన వాతావరణానికి నేను దీన్ని సిఫారసు చేయను. హీట్‌పంప్ రకంలో ఏసీలో ఉండే కంప్రెసరే ఉంటుంది. ఒకవైపు గాలిని వేడిచేస్తుంది, రెండోవైపు అదే గాలిలోని చెమ్మను గుంజుతుంది. లీటరుకు 0.4 యూనిట్‌తో సరిపెడుతుంది. వేడి 50 నుంచి 55 డిగ్రీల దగ్గరే ఉంటుంది కాబట్టి బట్టలు తక్కువ నలుగుతాయి, కానీ రెండు మూడు గంటలు పడుతుంది. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూలై 1న కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాక అక్కడ మార్కెట్లోకి వచ్చే కొత్త ఇంటి డ్రయ్యర్లు ఈ రకానివే.

అంతమాత్రాన అందరూ హీట్‌పంపే కొనాలని కాదు. లెక్క వేసి చూడండి. 5 కిలోల లోడుకు వెంటెడ్ 3 యూనిట్లు, హీట్‌పంప్ 1.2 యూనిట్లు. మీ స్లాబులో యూనిట్ 9 రూపాయలనుకుంటే లోడుకు 16 రూపాయలు మిగులుతాయి. రెండింటి ధరలో తేడా 35 వేలనుకుందాం. రోజూ ఒక లోడు వేసే ఇంట్లో ఆ తేడా రావడానికి ఆరేళ్లు పడుతుంది. జూలై నుంచి అక్టోబరు దాకా, వారానికి మూడు లోడ్లే వేసే ఇంట్లో నలభై ఏళ్లు దాటినా రాదు. వానాకాలం గండం గడిస్తే చాలనుకుంటే, బయటికి గాలి పోయే చోటుంటే వెంటెడ్ కొనండి. పసిపిల్లలున్న ఇల్లు, విశాఖలాంటి ఉప్పుగాలి ఊళ్లో ఏడాది పొడవునా ముక్కవాసనతో వేగే ఇల్లు, గోడకు రంధ్రం పెట్టనివ్వని అద్దె ఫ్లాట్ అయితే హీట్‌పంపే సరి.

హీట్‌పంప్‌ విషయంలో మన దగ్గర రెండు జాగ్రత్తలు. చాలా మాన్యువళ్లలో చుట్టూ ఉండే వేడి 5 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలని రాసి ఉంటుంది. మే నెల మధ్యాహ్నం విజయవాడ బాల్కనీలో అది కుదరదు, తెల్లవారుజామున వేసుకోవాలి. (ఎలాగూ ఆ ఎండకు దండెం మీద గంటలో ఆరిపోతాయి.) రెండోది, లిఫ్టులో పట్టలేదని పడుకోబెట్టి మోసుకొస్తే, నిలబెట్టిన తర్వాత మాన్యువల్‌లో చెప్పినన్ని గంటలు ఆగి స్విచ్ వేయాలి. లేకపోతే కంప్రెసర్ ఆయిల్ గొట్టాల్లోకి పాకి ఉండగానే నడిచి దెబ్బతింటుంది. కొత్త మోడళ్లలో చాలావాటి కంప్రెసర్‌లో తిరిగే గ్యాస్ ఆర్290, అంటే ప్రొపేన్. అది మండే గ్యాస్ కాబట్టి వీధి చివర ఏసీ మెకానిక్ చేత విప్పించొద్దు.

ఉతకడం, ఆరబెట్టడం రెండూ చేసే వాషర్ డ్రయ్యర్ చోటు తక్కువున్న ఇళ్లకు ఆకర్షణీయంగా కనిపిస్తుంది. దాని మీద 8/5 అని ఉంటే ఉతికేది 8 కిలోలు, ఆరబెట్టేది 5 కిలోలే. నిండా ఉతికితే సగం దాకా బయటికి తీసి రెండు విడతలుగా ఆరబెట్టాలి. చాలా మోడళ్లు ఆవిరిని చల్లార్చడానికి ఆరబెట్టేటప్పుడు కూడా కుళాయి నీళ్లు వాడతాయి. ట్యాంకర్ల మీద బతికే అపార్ట్‌మెంట్‌లో ఇది చిన్న విషయం కాదు. పైగా చేత్తో తీసి శుభ్రం చేసే నూగు ఫిల్టర్ చాలావాటిలో ఉండదు, లోపలి దారిలో నూగు పేరుకుంటుంది.

కరెంటు సంగతి: 16 యాంప్స్ పవర్ ప్లగ్, కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, సరైన ఎర్తింగ్ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడితే పిన్నుల దగ్గర కరిగిపోతుంది. అదే లైను మీద గీజర్ ఉంటే 2.5 కిలోవాట్ల డ్రయ్యర్, 2 కిలోవాట్ల గీజర్ కలిసి దాదాపు 20 యాంప్స్ లాగుతాయి, 16 యాంప్స్ ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపేసే స్విచ్) నిలబడదు.

ఫ్రంట్ లోడ్ మీద డ్రయ్యర్ ఎక్కించొచ్చు. మధ్యలో ఆ మోడల్‌కు సరిపోయే స్టాకింగ్ కిట్ (రెండు మెషీన్లనూ కలిపి బిగించేది) తప్పనిసరి, లేకపోతే స్పిన్ అదురుకు జరిగి పడుతుంది. రెండూ కలిపి 170 సెంటీమీటర్లు దాటతాయి. పైన ఉండే బటన్లు ఇంట్లో పొట్టివాళ్లకు అందుతాయా చూసుకోండి. టాప్ లోడ్ ఉంటే మూత పైకి లేవాలి కాబట్టి గోడ బ్రాకెట్టో, పక్కన చోటో కావాలి.

కొనేటప్పుడు రెండు సదుపాయాలకు డబ్బు పెట్టొచ్చు. ఒకటి తేమ సెన్సర్. టైమర్ మాత్రమే ఉంటే బనీన్లు మాడేదాకా తిరుగుతాయి, జీన్స్ నడుము పట్టీ మాత్రం పచ్చిగానే ఉంటుంది. రెండోది డ్రమ్ము అటూ ఇటూ తిరగడం. ఒకే వైపు తిరిగే డ్రమ్ములో దుప్పటి ఉండలా చుట్టుకుని మిగతా బట్టల్ని మింగేస్తుంది. అయిదున్నర మీటర్ల చీరకూ, పంచెకూ ఈ బెడద ఇంకా ఎక్కువ. చీరలు రెండుకు మించకుండా వేయండి. అరగంటకు ఆపి, తీసి దులిపి, మడత మార్చి వెంటనే మళ్లీ తిప్పండి. పైపొర ఎండి లోపల తడి ఉండిపోవడం ఉండదు. గంజి పెట్టినవి వేయొద్దు, పొడి రాలి డ్రమ్ముకు అంటుకుంటుంది. పట్టు, జరీ అసలే వద్దు. బట్టల లేబుల్ మీద చతురస్రంలో వృత్తం గుర్తు చూడండి: ఒక చుక్క ఉంటే 60 డిగ్రీలకు మించకూడదు, రెండు చుక్కలకు 80, ఇంటూ కొట్టి ఉంటే దండెమే గతి.

తలంటుకు వాడిన నూనె తువ్వాళ్లు, వంటింటి మసిగుడ్డలు, దీపారాధన కుందులు తుడిచిన గుడ్డలు డ్రయ్యర్‌లో వేయకండి. ఒక్క ఉతుకుతో నూనె పూర్తిగా పోదు. వేడెక్కిన నూనె గాలితో కలిసి తనంతట తానే ఇంకా వేడెక్కుతుంది. బట్టలు కుప్పగా ఉంటే ఆ వేడికి బయటపడే దారి లేక ఆగిన తర్వాత కూడా నిప్పు పుట్టొచ్చు. చివర చల్లగాలితో తిరిగే పది నిమిషాలు అందుకోసమే. మధ్యలో కరెంటు పోతే బట్టలన్నీ బయటికి తీసి పరిచేయండి.

కండెన్సర్, హీట్‌పంప్ రకాల ట్రేలో చేరిన నీళ్లు స్వచ్ఛంగానే కనిపిస్తాయి గానీ వాటిలో నూగు, సబ్బు ఉంటాయి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోయకండి, ఇల్లు తుడవడానికి వాడుకోండి. నూగు ఫిల్టర్ ప్రతి లోడుకూ తీసి తుడవాలి. బట్టలు మెత్తబరిచే సాఫ్ట్‌నర్ ఎక్కువగా వాడే ఇంట్లో ఫిల్టర్ జాలీ మీద మైనపు పొర కడుతుంది. దాని మీద నీళ్లు పోస్తే కిందికి దిగకుండా నిలబడతాయి. అప్పుడు గోరువెచ్చని సబ్బునీళ్లలో పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, పూర్తిగా ఆరాకే పెట్టండి. తేమ సెన్సర్ అంటే తలుపు తీయగానే డ్రమ్ము అంచున కనిపించే రెండు స్టీలు పట్టీలే. బోరునీళ్ల తెల్లటి పొర వాటి మీద కడితే తడి బట్టలున్నా మెషీన్‌కు తెలియదు, ఇరవై నిమిషాలకే 'అయిపోయింది' అని కూత పెడుతుంది. దూదికి కాస్త వెనిగర్ అద్ది ఆ పట్టీలు తుడిచి, పొడిగుడ్డతో ఒత్తి, ఇంకో లోడు వేసి చూశాకే సర్వీసువాళ్లకు ఫోన్ చేయండి.