వైల్డ్‌కార్డ్ తప్పంట!

సిస్కో వాళ్ళ నెట్‌వర్కింగ్ సర్టిఫికేషన్ పరీక్ష సీసీఎన్ఏ 200-301 కోసం ల్యాబ్‌లు చేస్తున్నా. రౌటర్‌కి పేరు, పాస్‌వర్డులు, ఇంటర్‌ఫేస్‌కి ఐపీ ఇచ్చి నో షట్‌డౌన్ కొట్టి దాన్ని ఆన్ చేయడం, ఇవన్నీ ఇంట్లోనే ప్యాకెట్ ట్రేసర్ అనే సిమ్యులేటర్‌లో అయిపోయాయి. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో అది ఉచితమే. దారులు మనమే చేత్తో రాసే స్టాటిక్ రూట్లూ కష్టం కాదు, సీరియల్ లింకులో డీసీఈ వైపు (క్లాక్ ఇవ్వాల్సిన కొస) క్లాక్ రేట్ ఇస్తే చాలు.

అసలు పంచాయితీ ఓఎస్‌పీఎఫ్ దగ్గర, అంటే రౌటర్లు దారులు ఒకదానికొకటి చెప్పుకునే ప్రోటోకాల్ దగ్గర. అదీ అమీర్‌పేటలో ఫీజు కట్టి చేరిన ఇన్‌స్టిట్యూట్‌లో. నిజం రౌటర్ల మీద చేయిస్తామంటేనే చేరాను. మూడు రౌటర్లు, మధ్యలో స్లాష్ 30 (రెండే అడ్రస్‌లు పట్టే) లింకులు, అన్నీ ఏరియా 0. ఆర్1, ఆర్2 హలో ప్యాకెట్లతో ఒకదాన్నొకటి గుర్తించి నైబర్లయ్యాయి. ఆర్3 మాత్రం రాదే! ఆర్2 నుంచి ఆర్3కి పింగ్ కొడితే ఐదు ఆశ్చర్యార్థకాలూ వరసగా పడుతున్నాయి, అంటే లింక్ బాగానే ఉంది. షో ఐపీ ఓఎస్‌పీఎఫ్ నైబర్ కొడితే ఆర్3 ఊసే లేదు.

సార్‌ని పిలిచాను. స్క్రీన్ వైపు సరిగా చూడనైనా చూడకుండా "వైల్డ్‌కార్డ్ తప్పు పెట్టుంటావు" అన్నారు. ఓఎస్‌పీఎఫ్ కమాండ్‌లో సబ్‌నెట్ మాస్క్‌ని తిరగేసి ఇచ్చేదే వైల్డ్‌కార్డ్. "0.0.0.3 సార్, స్లాష్ 30కి అదే కదా" అన్నాను.

"సబ్‌నెట్టింగ్ రాకుండా ఓఎస్‌పీఎఫ్‌కి వస్తే ఇంతే. బీకామ్ వాళ్ళు హాయిగా ట్యాలీ నేర్చుకోవచ్చు కదమ్మా!"

బ్యాచ్ మొత్తం వినేలా అన్నారు. వెనక వరసలో నవ్వులు. స్లాష్ 27లూ 29లూ నేను కాగితం లేకుండా చెప్పగలను. ఆ నవ్విన వాళ్ళలో ఎంతమందికి వచ్చో కూడా నాకు తెలుసు.

అందరూ టీకి పోయారు. నేను కదల్లేదు. ఆర్2లో డీబగ్ ఐపీ ఓఎస్‌పీఎఫ్ హలో పెట్టాను. హలో (ఎన్ని సెకన్లకోసారి పలకరించాలి), డెడ్ (ఎన్ని సెకన్లు పలకరింపు రాకపోతే నైబర్ పోయినట్టు) టైమర్లు కలవట్లేదని బయటపడింది: అవతలి నుంచి వస్తున్నది హలో 5, డెడ్ 20. ఇక్కడున్నది హలో 10, డెడ్ 40. ఆర్3 రన్నింగ్ కాన్ఫిగ్ తీస్తే సీరియల్ ఇంటర్‌ఫేస్ కింద హలో ఇంటర్వల్ 5 అని కూర్చుని ఉంది. అంతకుముందు బ్యాచ్ వాళ్ళు టైమర్లతో ఆడుకుని, రైట్ మెమరీ కొట్టి సేవ్ చేసి మరీ పోయారన్నమాట. మొదట్లోనే రైట్ ఎరేజ్‌తో సేవ్ అయిన కాన్ఫిగ్ చెరిపేసి రీలోడ్ చేద్దామంటే టైమ్ వేస్ట్ అన్నది ఈ సారే.

ఆ లైన్ ముందు నో పెట్టి ఎంటర్ కొట్టాను. కాసేపటికి లోడింగ్ నుంచి ఫుల్ అని లాగ్ పడింది, అంటే ఆర్3 పూర్తిగా నైబరైపోయింది. సార్‌కి చూపిస్తే, "ఓ, పాత కాన్ఫిగ్ మిగిలిందా" అని పక్క టేబుల్‌కి వెళ్ళిపోయారు. ట్యాలీ మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

మీకూ నైబర్ రాకపోతే ముందు షో ఐపీ ఓఎస్‌పీఎఫ్ ఇంటర్‌ఫేస్ రెండు వైపులా కొట్టి పక్కపక్కన పెట్టుకోండి. ఏరియా, మాస్క్, హలో, డెడ్ అన్నీ కలవాలి. హలోలు పంపకుండా ఆపే ప్యాసివ్ ఇంటర్‌ఫేస్ ఎవరైనా పెట్టారేమో చూడండి. ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ సైజు) తేడా అయితే నైబర్ కనిపిస్తుంది గానీ ఎక్స్‌స్టార్ట్ అనే దశ దగ్గరే ఆగిపోతుంది.

ఇంకోటి. 2020లో మారిన సిలబస్‌లో మనం కాన్ఫిగర్ చేయాల్సిన డైనమిక్ రూటింగ్ సింగిల్ ఏరియా ఓఎస్‌పీఎఫ్ ఒక్కటే. మా దగ్గర ఇప్పటికీ ఈఐజీఆర్‌పీ అనే ఇంకో రూటింగ్ ప్రోటోకాల్ తీరిగ్గా చెబుతున్నారు, పాత నోట్సు పారేయడానికి మనసు రాక కాబోలు. ఫీజు కట్టేముందు సిస్కో సైట్‌లోని సిలబస్ ప్రింట్ తీసి కౌంటర్‌లో పెట్టి అడగండి. ల్యాబ్ రౌటర్ల ర్యాక్ ముందు కూర్చున్న ప్రతిసారీ, ఎవరేమన్నా సరే, ముందు రైట్ ఎరేజ్ కొట్టి రీలోడ్ చేయండి.