తెలుగు ఫైల్ పేర్ల బగ్: గూడు టూల్‌లో రెండు వారాంతాల పని

అమ్మ చెప్పే వంటలను నేనూ చెల్లీ ఒక్కోటీ ఒక్కో టెక్స్ట్ ఫైల్‌గా రాసి, ఫైళ్లలో మార్పుల చరిత్రను దాచే గిట్ అనే టూల్‌లో దాచుకుంటున్నాం. చెల్లికి గిట్ కమాండ్లు కొత్త. అందుకే మారిన ఫైళ్లను చూపించి, ఒక్క మాటతో కమిట్ చేసే (అంటే ఆ మార్పులను చరిత్రలో భద్రపరిచే) చిన్న కమాండ్ లైన్ టూల్ పైథాన్‌లో రాసిచ్చాను. పేరు గూడు.

మొన్నొక రోజు ఫోన్ చేసింది. “అక్కా, పులిహోర కమిట్ అవ్వట్లేదు. ఇంగ్లీషులో పేరు పెడితే అవుతోంది.”

మొదటి శనివారం. గూడు లోపల, మారిన ఫైళ్ల జాబితా ఇచ్చే గిట్ స్టేటస్ కమాండ్‌ను, ప్రోగ్రాములు సులువుగా చదవగలిగే రూపంలో ఇచ్చే పోర్సిలైన్ ఆప్షన్‌తో నడుపుతున్నాను. ప్రతి లైన్‌లో మొదటి మూడు అక్షరాలు, అంటే రెండు స్టేటస్ గుర్తులూ ఒక ఖాళీ తీసేస్తే మిగిలేది ఫైల్ పేరని నా లెక్క. ప్రింట్ చేసి చూస్తే కొటేషన్ల మధ్య \340\260\252\340\261\201 అంటూ మొదలైన పెద్ద తోక వచ్చింది. ఆస్కీ కాని, అంటే ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, మామూలు గుర్తులు కాని బైట్లను గిట్ మామూలుగా ఇలా ఆక్టల్ (ఎనిమిది ఆధారంగా రాసే) అంకెల్లోనే చూపిస్తుంది. పులిహోరలో గుణింతం గుర్తులతో కలిపి 7 యూనికోడ్ అక్షరాలు. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోటి 3 బైట్లు, మొత్తం 21. ఒక్కో బైటుకు నాలుగు గుర్తుల చొప్పున 84. ఆ పేరుతో ఫైల్ ఎక్కడ దొరుకుతుంది?

ఆదివారం. ఇలా ఆక్టల్‌లో చూపించాలా వద్దా అని చెప్పే గిట్ సెట్టింగ్ కోర్ డాట్ కోట్‌పాత్‌ను ఫాల్స్ చేశాను. పులిహోర వెళ్లింది. సంతోషం పది నిమిషాలే. ‘ఉగాది పచ్చడి’ ఆగిపోయింది, ఎందుకంటే పేరులో ఖాళీ ఉంటే పోర్సిలైన్ అప్పుడూ కొటేషన్లు పెడుతుంది. పైగా సెట్టింగ్ మార్చింది నా లాప్‌టాప్‌లో. చెల్లి దగ్గర కథ మొదటికే.

రెండో శనివారం. సెట్టింగ్ తీసేసి మైనస్ జెడ్ ఆప్షన్‌కు మారాను. ఇక కొటేషన్లు, ఆక్టల్ అంకెలు ఏవీ ఉండవు, పేరు ఉన్నదున్నట్టు వస్తుంది. ఒక్కో పేరు చివర కొత్త లైన్‌కు బదులు సున్నా బైట్ ఉంటుంది. అవుట్‌పుట్‌ను స్ట్రింగ్‌గా కాకుండా బైట్లుగానే తీసుకుని, సున్నా బైట్ దగ్గర విడగొట్టాను. తెరమీద చూపేటప్పుడు మాత్రమే డీకోడ్ చేసి అక్షరాలుగా మారుస్తున్నాను.

అయినా ఇంకో బగ్ మిగిలింది, నాకు బాగా నచ్చిన బగ్ ఇదే. పులిహోర ఫైల్ పేరును గిట్ ఎంవీ కమాండ్‌తో ‘చింతపండు పులిహోర’గా మారిస్తే జాబితాలో ‘ులిహోర’ అనే ఫైల్ ప్రత్యక్షమైంది! పేరు మారినప్పుడు మైనస్ జెడ్‌లో కొత్త పేరు ముందు, పాత పేరు తర్వాత వేరే ముక్కగా వస్తాయి. పాత పేరుకు ముందు స్టేటస్ గుర్తులుండవు. నా కోడ్ దానికీ మూడు బైట్లు కోసింది. మూడు బైట్లంటే సరిగ్గా ఒక తెలుగు అక్షరం. ‘ప’ ఎగిరిపోయి కొమ్ము మిగిలింది. స్టేటస్‌లో ఆర్ (పేరు మార్పు) గానీ సీ (కాపీ) గానీ ఉంటే తర్వాతి ముక్కను పాత పేరుగా తీసుకోమని రాశాను. సరిపోయింది.

ఆదివారం. తాత్కాలిక ఫోల్డర్‌లో గిట్ ఇనిట్‌తో కొత్త గిట్ ఖజానా మొదలుపెట్టి, తెలుగు పేరు, ఖాళీ ఉన్న పేరు, కొటేషన్ గుర్తున్న పేరు, మార్చిన పేరు, నాలుగింటికీ టెస్టులు రాశాను. పాత కోడ్‌తో నాలుగూ ఫెయిలయ్యాక కొత్త కోడ్ పెట్టాను, నాలుగూ పాసయ్యాయి. సాయంత్రం చెల్లి గూడు అప్‌డేట్ చేసుకుని పులిహోర కమిట్ చేసింది. గోంగూర పచ్చడి రాస్తోందట.