మైనస్ 25216

పదకొండున్నర. అత్తమ్మ ఒకసారి తొంగిచూసి, "ఇంకా పడుకోలేదేందమ్మా?" అనేసి వెళ్ళింది. కారణం చెబితే నవ్వుతుంది. మూడక్షరాల మాట ఒకటి నిద్ర పట్టనివ్వడం లేదు.

మాట "స్టేషన్". తెలుగు మాటల్ని అక్షరాలుగా విడదీసే లైబ్రరీ, అంటే వేరేవాళ్ళు తమ ప్రోగ్రాముల్లో వాడుకునే కోడ్, ఒకటి పైథాన్ భాషలో రాస్తున్నాను. దాన్నెలా వాడాలో చెప్పే డాక్యుమెంటేషన్‌లో ఉదాహరణలన్నీ డాక్‌టెస్ట్‌తో నడుస్తాయి. వరసగా మూడు కోణపు గుర్తుల పక్కన కోడ్, కింది లైన్లో రావాల్సిన జవాబు. డాక్‌టెస్ట్ ఆ కోడ్‌ని నిజంగానే నడిపి, వచ్చిన జవాబునీ మనం రాసిన జవాబునీ అక్షరం పొల్లు పోకుండా పోల్చి చూస్తుంది. 2001లో పైథాన్ 2.1తో వచ్చిన పనిముట్టు, ఇప్పటికీ అంతే మొండిది.

>>> చూపు(విడదీయి("స్టేషన్"))
స్టే-ష-న్

(పైథాన్ 3లో ఫంక్షన్ పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు. ఇది మాత్రం నాకు రోజూ సంతోషమే.)

నడిపితే ఫెయిల్. రావాల్సింది: స్టే-ష-న్. వచ్చింది: స్టే-ష-న్.

చూశారుగా? నేనూ అట్టానే చూస్తూ కూర్చున్నా. రెండు లైన్లూ కవల పిల్లల్లా ఉన్నాయి. లైను చివర ఖాళీ ఏదన్నా మిగిలిందేమోనని తుడిచాను. ఖాళీలని పట్టించుకోవద్దనే ఆప్షన్, నార్మలైజ్ వైట్‌స్పేస్, పెట్టాను. ఊహూ. జవాబులో ఖాళీ లైను ఉంటే డాక్‌టెస్ట్ జవాబు అక్కడితో అయిపోయిందనుకుంటుంది, కోణాల బ్రాకెట్లలో బ్లాంక్‌లైన్ అని రాయాలి. అదేమోనని వెతికాను, అదీ కాదు. నలభై నిమిషాలు. కుక్కర్ కూతలు లెక్కపెట్టడం మర్చిపోయి పప్పు మాడ్చింది ఈ మాటే.

చివరికి విసుగొచ్చి, టెర్మినల్లో వచ్చిన జవాబుని కాపీ చేసి, నేను రాసిన లైను మీద అతికించేశాను. పాస్. ల్యాప్‌టాప్ మూసేసి వెళ్ళి పడుకున్నా.

పడుకున్నాక గుర్తొచ్చింది రికార్డు.

కాలేజీలో సీ భాష ల్యాబు రికార్డు తెలియనివాళ్ళుంటారా? కుడివైపు గీతల పేజీలో ప్రోగ్రాం, ఎడమవైపు తెల్లపేజీలో పెన్సిలుతో అవుట్‌పుట్. ఎక్స్‌టర్నల్ పరీక్ష రేపనగా హాస్టల్లో సీనియర్ల రికార్డులు చేతులు మారేవి. మా బ్యాచ్‌కొచ్చిన దాంట్లో ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాం కింద "8 ఫ్యాక్టోరియల్ = మైనస్ 25216" అని ఉంది. ఒకటి నుంచి ఎనిమిది దాకా ధన సంఖ్యల్ని గుణిస్తే మైనస్ ఎట్టా వచ్చిందని ఎవరమూ అనుకోలేదు. అందరం అదే ఎక్కించాం. అన్నిటి మీదా ఎర్ర సిరాతో టిక్కు పడింది.

ఇన్నేళ్ళూ ఈ కథని "నడపకుండా కాపీ కొడితే ఇంతే" అని చెప్పుకుంటూ వచ్చాను. ఇవాళ పక్క మీద లెక్క వేస్తే అది తప్పని తేలింది. ఆ మొదటి సీనియర్ ఎవరోగానీ, నిజాయితీగా నడిపే రాశాడు. సీ ప్రోగ్రాములు నడిపే పాత టర్బో సీలో, పూర్ణసంఖ్యని దాచే ఇంట్ 16 బిట్లు, 32767 దాటితే పట్టదు. 8 ఫ్యాక్టోరియల్ 40320. పట్టని సంఖ్య చుట్టు తిరిగి మైనస్ వైపు పోతుంది: అందులోంచి 65536 తీసేస్తే సరిగ్గా మైనస్ 25216. మిషన్ చెప్పిందే అతను రాశాడు. మా కాలానికి ల్యాబులో టర్బో సీ పోయి లైనక్స్, జీసీసీ వచ్చేశాయి, ఇంట్ 32 బిట్లు. మేం నడిపుంటే 40320 వచ్చేది. కాబట్టి తప్పులు రెండు. అతను నడిపాడు గానీ వచ్చిందాన్ని చదవలేదు. మేం చదవనూ లేదు, నడపనూ లేదు. (32 బిట్లకి 13 ఫ్యాక్టోరియల్ దగ్గర పట్టు తప్పుతుంది. అక్కడ వచ్చేది 1932053504, మైనస్ కూడా ఉండదు. ఇంకా ప్రమాదం, చూస్తే నమ్మేలా ఉంటుంది.)

ఉదాహరణలు నడిస్తే చాలు, డాక్యుమెంటేషన్ నిజం చెబుతున్నట్టేనని ఇక్కడే ఎన్నోసార్లు వాదించాను. వెనక్కి తీసుకుంటున్నా. మిషన్ జవాబుని చదవకుండా అతికించినప్పుడు టెస్టు కాపలా కాసేది తప్పుకే. ఇందాక నేను చేసిందదే.

లేచి మళ్ళీ తెరిచాను. ఈసారి "చూపు" తీసేసి ఉత్త "విడదీయి" నడిపాను. ప్రింట్ లేకపోతే పైథాన్ విలువని రెప్ర్ రూపంలో చూపిస్తుంది, కంటికి కనబడని గుర్తులు అక్కడ దాక్కోలేవు. మూడో ముక్కలో న్ వెనకాల వెనక్కి వాలిన గీత, యు, 200సి. అంటే జీరో విడ్త్ నాన్ జాయినర్! "బస్‌స్టాండు"లో సకారపు పొల్లు పక్క అక్షరంతో కలిసిపోకుండా ఆపేది ఇదే. పదం మధ్యలో దానికి పనుంది. పదం చివర పొల్లు తర్వాత ఉంటే మాత్రం ఏమీ చేయదు, ఏమీ కనబడదు, ఊరికే కూర్చుంటుంది. "స్టేషన్" కోడ్ పాయింట్లు (కంప్యూటర్ విడివిడిగా లెక్కపెట్టే గుర్తులు) ఏడు. నాదాంట్లో ఎనిమిది. మాటని ఫోనులో వచ్చిన మెసేజీ నుంచి కాపీ చేశాను, జవాబు మాత్రం చేత్తో టైపు చేశాను. అక్షరం పోలేదు, పొల్లూ పోలేదు. పొల్లు వెనక ఇంకొకటి దాక్కుంది.

డాక్‌టెస్ట్ ఖాళీలని పట్టించుకోకపోయినా ఇది దొరకదు, ఎందుకంటే పైథాన్ లెక్కలో ఇది ఖాళీ కాదు. ఒకే అక్షరాన్ని రాసే వేరువేరు పద్ధతుల్ని ఒకటి చేసే యూనికోడ్ నార్మలైజేషన్ కూడా దీన్ని తీసేయదు. రిపోర్ట్ ఎన్‌డిఫ్ ఆప్షన్ పెట్టుంటే ఏ అక్షరం దగ్గర తేడా ఉందో కింద గుర్తు పెట్టి చూపించేది, నలభై నిమిషాలూ పప్పూ మిగిలేవి.

డాక్యుమెంటేషన్‌లో లైను మార్చి సరిపెట్టుకోవాల్సిన పని కాదిది. లైబ్రరీ వాడేవాళ్ళు ఎక్సెల్ షీట్లోంచి ఊరి పేర్లు తెచ్చి పోలిస్తే, ఒకేలా కనబడే రెండు "స్టేషన్"లు వేరువేరని వస్తుంది. అందుకని ఫంక్షన్‌లోనే పదం చివరి నాన్ జాయినర్ని తీసేశాను, మధ్యలోవాటిని ముట్టుకోలేదు. ఇన్‌పుట్‌లో దాన్ని దాచకుండా ఆ వెనక్కి వాలిన గీతతో రాసి, జవాబు మళ్ళీ చేత్తో టైపు చేశాను. పాస్.

పనిలో పనిగా కింది ఉదాహరణ కూడా కదిపాను. గూడూరు నుంచి ఒంగోలు దాకా స్టేషన్లని వరసంటూ లేని సెట్‌లో వేసి చూపించేది. పైథాన్ 3.3 నుంచీ మాటలకి లోపల కట్టే హ్యాష్ అనే అంకె నడిపిన ప్రతిసారీ మారుతుంది, సెట్ వరసా దాంతోపాటే. సోమవారం పాస్, మంగళవారం ఫెయిల్. అక్షరక్రమంలో పేర్చే సార్టెడ్ తగిలిస్తే కుదురుకుంది గానీ, ఇప్పుడు ఒంగోలు అన్నిటికన్నా ముందొచ్చి, తర్వాత కావలి, ఆ తర్వాత గూడూరు. ఈ లైన్లో రోజూ రైలెక్కేవాళ్ళు చూస్తే తిడతారు. తిట్టనీ. చదివేవాళ్ళ కోసం రాసే ఉదాహరణని టెస్టు కోసం ఇట్టా వంకరలు తిప్పడం నాకూ నచ్చదు. ఇంకో ప్రోగ్రామింగ్ భాష రస్ట్‌లో నయం, ముందు # గుర్తూ ఒక ఖాళీ పెట్టిన లైన్లు నడుస్తాయి గానీ పేజీలో కనబడవు.

పడుకునే ముందు ఫైల్లో స్కిప్, అంటే ఈ ఉదాహరణని నడపొద్దు, అని ఎన్నిచోట్ల పెట్టానో వెతికాను. నాలుగు. రెండు నెట్‌లోకి వెళ్ళేవి, ఉండనీ. ఒకటి ఇప్పటి టైము చూపించేది, అదీ సరే. నాలుగోది "చెన్నై", ఎందుకు పెట్టానో గుర్తు లేదు. తీసి నడిపాను.

కోడ్ పాయింట్లు రావాల్సింది 6. వచ్చింది 7. ఐత్వం ఒకచోట ఒకే కోడ్ పాయింటు, ఇంకోచోట ఎత్వమూ దాని కింద ఐత్వపు గుర్తూ కలిపి రెండు.