పళ్లెంలో ఈదుతున్నవి

ఆదివారం, సాయంత్రం

వాన వచ్చిపోతోంది. వచ్చినప్పుడు చల్లబడదు, పోయాక ఉక్కపోత ఇంకాస్త పెరుగుతుంది. తీగ మీద బట్టలు నిన్నటి నుంచి తడిగానే ఉన్నాయి. పొద్దున పేపరు చదువుతుంటే మడమ దగ్గర చురుక్కుమంది. కొట్టి చూస్తే నల్లటి కాళ్ల మీద తెల్లటి పట్టీలు. డెంగీ జ్వరాన్ని అంటించే ఈడిస్ దోమ!

రాత్రిపూట చెవిలో రొదపెట్టే క్యూలెక్స్ దోమ ఎక్కువగా మురుగునీటి నుంచి వస్తుంది. దాని విషయంలో నేనొక్కడినే చేయగలిగింది తక్కువ. ఈడిస్ సంగతి వేరు. పగలు కుడుతుంది, ఇళ్లలో నిలవ ఉన్న నీటిలో పెరుగుతుంది, పుట్టిన చోటి నుంచి సాధారణంగా కొన్ని వందల మీటర్లకు మించి పోదు. అంటే నన్ను కుట్టినది మా ఇంట్లోనో పక్కింట్లోనో పుట్టి ఉండాలి. పక్కింటి మీదికి నెట్టడం సులువే గానీ, ముందు మా బాల్కనీ చూసుకోవాలి కదా.

పెద్దగా వెతకాల్సిన పని పడలేదు. మనీప్లాంటు కుండీ ఎత్తితే కింద పళ్లెంలో అంగుళం లోతు కూడా లేని నీళ్లు, వాటి నిండా పురుగులు, అంటే దోమ లార్వాలు. నా నీడ పడగానే అన్నీ మెలికలు తిరుగుతూ అడుగుకు పోయాయి. కదలకుండా కూర్చుంటే ఒక్కొక్కటే పైకి తేలి, తలకిందులుగా వేలాడుతూ, తోక చివరి గొట్టాన్ని నీటి పైకి పెట్టి గాలి పీల్చుకోసాగాయి. వాటి మధ్య కామా ఆకారంలో వంగినవి కొన్ని ఉన్నాయి. అవి ప్యూపాలు, లార్వాకూ దోమకూ మధ్య దశ. ఆ దశలో తిండి ఉండదు, రెండు రోజులు గడిస్తే చాలు, రెక్కలతో లేస్తాయి.

మా అమ్మాయి వచ్చి తొంగి చూసింది. "నాన్నా, వీటిని సీసాలో పెట్టి పెంచుదామా?" అంది. పెంచడానికి మనం చేయవలసింది ఏమీ లేదు, ఈ వేడికి గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులే పడుతుంది. మూత గట్టిగా పెడితే సరేనన్నాను. వాళ్లమ్మ మాత్రం ఒప్పుకోలేదు. నీళ్లు తీసుకెళ్లి పొడినేల మీద పారబోశాను. కాలువలో పోస్తే వాటికి ఇల్లు మార్చిపెట్టినట్టే.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. అసలు పని తర్వాతే ఉంది. ఈడిస్ తన గుడ్లను నీటిలో వదలదు, నీటిమట్టానికి కాస్త పైన, తడిగా ఉన్న గోడకు అంటిస్తుంది. మిల్లీమీటరు కూడా లేని నల్లటి చుక్కలు. మట్టి పళ్లేనికి ఉంటే మరక అనుకుంటాం. నీళ్లు ఎండినా అవి నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్లీ తడి తగిలితే పొదుగుతాయి. వారం వారం శ్రద్ధగా నీళ్లు పారబోసేవారి ఇంట్లో కూడా దోమలు తగ్గకపోవడానికి ఇదొక కారణం. అందుకే గరుకు బ్రష్ పట్టుకుని అంచుల దాకా రుద్దాను. మొక్కలకు నీళ్లు పోసే ఉత్సాహం ఉన్నవారికి పళ్లెం తోమే ఓపిక ఎందుకుండదో నాకు అర్థం కాదు. (మా ఇంట్లో వారినే అంటున్నాను. ఈ డైరీ వారు చదవరు.)

ఆ ఊపులో ఇల్లంతా తిరిగాను. ఫ్రిజ్ వెనక పళ్లెం, ఏసీ గొట్టం కింద బకెట్, పూలు వాడిపోయాక కూడా అలాగే ఉన్న గాజు కూజా, టార్పాలిన్ మడతలు. ఫ్రిజ్ వెనక టార్చ్ వేస్తే అక్కడా నాలుగు కదులుతూ కనిపించాయి. నీళ్ల డ్రమ్ము ఖాళీ చేయడం కుదరదు కాబట్టి నోటికి సన్నటి వల బిగించి కట్టాను. అలా మూయలేని తొట్టెలకు బీటీఐ బిళ్లలు ఉన్నాయి. 1976లో ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో, దోమపిల్లలున్న ఒక నీటి మడుగులో దొరికిన బ్యాక్టీరియా అది. దాన్ని మింగిన లార్వా పేగు పాడై చస్తుంది, చేపలకు, మనుషులకు హాని ఉండదు. రెక్కలొచ్చిన దోమను మాత్రం అదేమీ చేయలేదు.

మెట్ల దగ్గర పై అంతస్తు పెద్దాయన కనిపించారు. "ఇదంతా ఎందుకండీ, పొగ కొట్టిస్తే ఒక్క దెబ్బకు పోతాయి" అన్నారు. పొగ ఆ క్షణంలో గాలిలో ఉన్న దోమలనే చంపుతుందని, నీటిలో ఉన్నవి రేపు లేస్తాయని, ఈడిస్ ఎక్కువసేపు మంచాల కింద, కర్టెన్ల వెనక దాక్కుంటుందని చెప్పాను. జ్వరాలు ముమ్మరంగా ఉన్నప్పుడు పొగకూ ఉపయోగం ఉందని ఒప్పుకున్నాను కూడా. ఆయన కాసేపు ఆలోచించి, "పొగైతే కంటికి కనిపిస్తుంది" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

కాయిల్ వెలిగించడం మాత్రం మానేశాం. ఒక్క కాయిల్ కాలితే వచ్చే సూక్ష్మ ధూళి 75 నుంచి 137 సిగరెట్లకు సమానమని 2003లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. తలుపులు మూసుకుని, పిల్లల పక్కన, రాత్రంతా! దానికంటే ఫ్యాన్ మేలు. దోమకు ఎదురుగాలిలో ఎగిరే బలం లేదు, పైగా మన ఊపిరి వాసన పట్టుకుని వచ్చే దారి కూడా గాలికి చెదిరిపోతుంది. చెవికి వినబడని శబ్దంతో తరిమేస్తామనే యంత్రాలు డబ్బు దండగ. పగలు పిల్లలు ఆడుకునేటప్పుడు దోమలను దగ్గరికి రానివ్వని డీట్ గానీ పికారిడిన్ గానీ ఉన్న మందు కాళ్లకు రాస్తున్నాం.

మిగిలిన పనులు రెండు. వంటగది కిటికీ వల కింది మూల చినిగింది, కుట్టాలి. సన్‌షేడ్ మీద ఆకులు అడ్డం పడి నీళ్లు నిలిచాయి, చేయి అందలేదు. నిచ్చెన పెద్దాయన దగ్గర ఉంది. అడిగితే ఇస్తారు, కాకపోతే పొగ గొప్పతనం గురించి మరో అరగంట వినాలి.