దేవనహళ్లి చేరితే లండన్ చేరినట్టే

ప్రయాణం ఖాయమైన నాటి నుంచి అమ్మది ఒకటే ప్రశ్న: "లండన్ ఎంత దూరంరా?" బెంగళూరు నుంచి సుమారు 8,000 కిలోమీటర్లు, నేరుగా వెళ్లే విమానంలో పదిన్నర గంటలు అని ప్రతిసారీ చెప్పాను. మేముండే ఎలక్ట్రానిక్ సిటీ నుంచి విమానాశ్రయం ఉన్న దేవనహళ్లి ఎంత దూరమో ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు.

టాక్సీ అతను 1,800 అడిగాడు. నాకు ప్రాణం ఒప్పలేదు. ఉదయం ఎనిమిదికి విమానాశ్రయానికి వెళ్లే వాయువజ్ర బస్సు ఎక్కాం. సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్‌లోనే గంట గడిచింది. అమ్మ కిటికీ పక్కన కూర్చుని, కుడి మోకాలిని అరచేత్తో గుండ్రంగా రుద్దుకుంటూనే ఉంది. ఒక్క మాట అనలేదు. అందుకే నాకు ఇంకా బాధ. పక్కనున్న సిమెంటు లారీ మాతోపాటే కదిలింది, మాతోపాటే ఆగింది. దాని నంబరు నాకు నోటికొచ్చేసింది. 2008కి ముందు హెచ్.ఎ.ఎల్. విమానాశ్రయం ఊళ్లోనే ఉన్న రోజుల్లో మామయ్యను దించడానికి వెళ్లి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేసేవాళ్లం.

నా ముఖం చూసి కండక్టర్ తెలుగులోనే అన్నాడు: "కంగారుపడకండి సార్, హెబ్బాళ దాటితే ఎగిరినట్టే." నిజంగానే ఆ ఫ్లైఓవర్ దిగాక బస్సుకు ప్రాణం వచ్చింది. దిగేసరికి పదకొండు. మూడు గంటలు! మదనపల్లె నుంచి బెంగళూరు రావడానికి పట్టే సమయమది. ఇంతా చేస్తే 50 కిలోమీటర్ల పైచిలుకు దూరం. అదే విమానానికి నాలుగు నిమిషాల పని. లోపల కాఫీ 250 రూపాయలు. మా వీధి దర్శిని హోటల్లో ఆ డబ్బుకు పది కాఫీలు వస్తాయి. అయినా అమ్మకు కొనిచ్చాను.

విమానంలో ఎదుటి తెర మీద పటం చూసి అమ్మ ఆశ్చర్యపోయింది. "లండన్ పడమరన కదా, వీడు ఉత్తరానికి ఎక్కుతున్నాడేమిటి?" సంచిలోని బత్తాయి తీసి, శాలువా అంచు నుంచి ఊడిన దారాన్ని దాని మీద రెండు చోట్ల బిగించి చూపించాను. గుండ్రటి దాని మీద దగ్గరి దారి ఇలాగే ఉంటుంది, పరిచిన పటం మీదే వంకరగా కనబడుతుంది అన్నాను. ఆమె ఆ దారాన్ని వేలితో రెండుసార్లు తడిమి చూసి, బత్తాయి ఒలిచి నాకు సగం పెట్టింది.

లండన్‌లో పది రోజులూ తమ్ముడి పిల్లలతో ఇట్టే గడిచిపోయాయి.

తిరుగు ప్రయాణంలో దాదాపు గంట కలిసొచ్చింది. పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు వీచే బలమైన గాలులు ఈసారి వెనక నుంచి తోశాయి. తెర మీద వేగం గంటకు 1,000 కిలోమీటర్లు దాటింది. తెల్లవారుజామున అయిదింటికి దిగాం. ఈసారి టాక్సీ ధర అడగలేదు, ఎక్కేశాం. రోడ్లన్నీ ఖాళీ. సిల్క్ బోర్డు దగ్గర అమ్మను లేపి చూపిద్దామనుకునేలోపే దాటిపోయాం.