జొన్నగిరి చేలల్లో

ఆదివారం, గుత్తి.

వాన పడిందంటే చాలు, తుగ్గలి మండలంలో చేలన్నీ జనమే. ఈరోజు జొన్నగిరిలో అక్కావాళ్ళింటికి పోతే అదే తంతు. రాత్రి వానకు పైమట్టి కొట్టుకుపోయి రాళ్ళు తేలాయి. ఆడామగా అందరూ నడుం వంచి, అడుగులో అడుగేస్తూ వజ్రాల కోసం వెతుకుతున్నారు. బళ్ళారి వైపు నుంచి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. గట్టు మీద టార్పాలిన్ పట్ట, దాని కింద అన్నం క్యారియర్, ఒక పసిబిడ్డ నిద్ర. ఇక్కడ ఎవరూ వజ్రం అనరు, 'రాయి' అంటారు. ఒక్క రాయి దొరికితే అప్పులన్నీ తీరిపోతాయని ఆశ.

చెనక్కాయ విత్తనం వేసే పని ఉంది కాబట్టి చేలో దిగినవాళ్ళను అక్క పంపించేసింది. ఒక ముసలామెను మాత్రం కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. ఆమె కొంగుముడి విప్పి తాను ఏరుకున్నవి నా అరచేతిలో పోసింది. ఒకటి పసుపు, ఒకటి పొగరంగు, ఒకటి చింతగింజంత తెల్లరాయి. "ఇది సూడు నాయినా, మెరుస్తాది కదా" అంది. ఎండకు పట్టి చూశాను. నాకైతే పలుగురాయిలాగే కనిపించింది. ఆ మాట అనడానికి నోరు రాలేదు. తెలిసినవాళ్ళకు చూపించమ్మా అన్నాను.

ఆ చేలను చూసినప్పుడల్లా నాకు వజ్రాలకంటే ముందు సువర్ణగిరి గుర్తుకొస్తుంది. మౌర్యుల కాలంలో దక్షిణాదికి అదే పాలనా కేంద్రం. అక్కడ రాచకుమారుడు ఉండేవాడు, అతని కింద మహామాత్రులు ఉండేవాళ్ళు. కర్ణాటకలో చిత్రదుర్గం జిల్లా బ్రహ్మగిరి దగ్గర దొరికిన అశోకుడి శాసనం 'సువర్ణగిరి నుంచి' అనే మొదలవుతుంది. ఆజ్ఞ అక్కడి నుంచి వెళ్ళిందని రాతపూర్వకంగా ఉంది. ఆ ఊరు ఎక్కడుందో మాత్రం ఇప్పటికీ తేలలేదు. కొందరు పండితులు మన జొన్నగిరే అన్నారు. కొందరు కొప్పళ జిల్లా కనకగిరి అన్నారు, మరికొందరు రాయచూరు జిల్లా మస్కి అన్నారు. ఒక రాజధాని, కోటతో, కచేరీలతో, బజార్లతో సహా మాయమైపోతే మనం ఇంత నిమ్మళంగా ఎలా ఉన్నామో నాకు అర్థం కాదు.

మధ్యాహ్నం సంగటి తిన్నాక అక్క కొడుకు బండి తీశాడు. తొమ్మిదో తరగతి చదువుతున్నాడు కాబట్టి నడిపింది నేనే, వెనక కూర్చుని దారి చెప్పింది వాడు. అశోకుడి శాసనాలున్న ఎర్రగుడి బండల దగ్గర ఆగాం. ఇదే దారిలో ఎన్నోసార్లు బస్సులో పోయినవాడే, ఆ గుండ్లు ఎక్కడం వాడికి ఇదే మొదలు. వాన కడిగిన బండ మీద పక్కవాటు ఎండ పడితే అక్షరాలు బాగా తేలతాయి. "ఇది ప్లస్ గుర్తు కదా" అన్నాడు. అది అశోకుడి కాలపు లిపి బ్రాహ్మీలో 'క' అని చెప్పాను. ఇక ఆ బండంతా 'క'లు వెతికే పనిలో పడ్డాడు.

అశోకుడి పద్నాలుగు పెద్ద శాసనాలూ ఇక్కడ ఉన్నాయి, వాటితోపాటు చిన్న శాసనాలు కూడా. ఆ చిన్న శాసనం రాసిన తీరే ఒక చిక్కుముడి. ఒక వరస ఎడమ నుంచి కుడికి పోతుంది. కింది వరస కుడి నుంచి ఎడమకు వస్తుంది, చేను చివర మడక తిప్పుకుని మళ్ళీ సాలు పట్టినట్టు. అన్ని వరసలూ అలా లేవు, కొన్నే. ఎందుకు అలా చెక్కాడో చెప్పే ఆధారం లేదు. బ్రహ్మగిరిలో చపడుడు అనే లేఖకుడు తన పేరు బ్రాహ్మీలో రాసి, 'లిపికరుడు' అనే మాట మాత్రం ఖరోష్ఠీలో చెక్కాడు. ఖరోష్ఠీ కుడి నుంచి ఎడమకు నడిచే వాయవ్య దేశపు లిపి. అలాంటివాడే ఎవరో ఇక్కడికీ వచ్చాడేమో, చెయ్యి పాత అలవాటుకు పోయిందేమో అని నాకు అనిపిస్తుంది. రాజు మాట రెండువేల రెండొందల ఏళ్ళకు పైగా నిలిచింది. దాన్ని ఎండలో కూర్చుని చెక్కిన మనిషి పేరు మనకు దక్కలేదు.

ఎర్రగుడి చిన్న శాసనంలోనే ఇంకో ముచ్చట నాకు ప్రాణం. రజ్జుకుడనే అధికారి భేరి మోగించి పల్లెజనానికి ఈ మాటలు చెప్పాలట. తల్లిదండ్రుల మాట వినండి, ప్రాణుల మీద దయ చూపండి, నిజం చెప్పండి అని. అంటే ఈ గుండ్ల పక్కనే దండోరా వేసి ఉంటారు, మన పల్లెలవాళ్ళు చేరి విని ఉంటారు.

పదమూడో శాసనం కళింగ యుద్ధం గురించి. లక్షమంది చచ్చారని, లక్షన్నర మందిని చెరపట్టి తరలించారని రాజే చెప్పుకుని బాధపడ్డాడు. కళింగలోనే ఉన్న ధౌలి, జౌగడ బండల మీద ఈ శాసనం వేయించలేదు. మన కర్నూలు జిల్లాలో వేయించాడు. అందులోనే ఐదుగురు గ్రీకు రాజుల పేర్లు వస్తాయి. వాళ్ళలో తులమయ అంటే ఈజిప్టునేలిన రెండో టాలమీ. "మామా, ఈజిప్టు రాజుతో ఎర్రగుడికి ఏం పని?" అన్నాడు అల్లుడు. ఆ రాజ్యాల్లో కూడా తన ధర్మం నడుస్తోందని అశోకుడు ఇక్కడివాళ్ళకు చెప్పుకున్నాడని చెప్పాను.

ఆ టాలమీ ఊరు అలెగ్జాండ్రియా. అలెగ్జాండరు శవాన్ని దాచింది అక్కడే. క్రీ.పూ. 30లో అగస్టస్, క్రీ.శ. 215లో రోమన్ చక్రవర్తి కారకల్లా ఆ సమాధిని చూశారని చరిత్రలో ఉంది. నాలుగో శతాబ్దం చివరికి అదెక్కడుందో చెప్పేవాడే లేడు. లోకమంతా ఎరిగిన మనిషి, చక్రవర్తులు యాత్రకు వచ్చిన చోటు, అదే పోయింది. సువర్ణగిరి పోవడం వింత కాదేమో, కానీ వెతకకపోవడం నాకు బాధ.

అశోకుడు కూడా ఒకప్పుడు పోయినవాడే. 1837లో ప్రిన్సెప్ అనే ఇంగ్లీషు పండితుడు బ్రాహ్మీ చదివినప్పుడు, శాసనాల్లో కనిపించే దేవానాంపియ పియదసి అనే రాజు ఎవరో తెలియక మొదట సింహళ రాజనుకున్నాడు. మస్కిలో దేవానాంపియ అనే బిరుదుతోపాటు అశోకుడనే పేరు కూడా ఉన్న శాసనం 1915లో బయటపడింది. దాన్ని కనిపెట్టిన బీడన్ బంగారు గనుల ఇంజనీరు. అందుకే చేలల్లో రాళ్ళు వెతికేవాళ్ళను చూస్తే నాకు చులకన లేదు. వాళ్ళలో ఎవరికో ఒకరికి పాత ఇటుకో, గీతలున్న పెంకో తగిలి, దాన్ని గట్టు అవతలికి విసిరేయకుండా ఉంటే చాలు.

"సువర్ణగిరి ఇక్కడే అంటావా మామా?" అని అడిగాడు. అవుననే నా మనసు. పద్నాలుగు శాసనాలూ చెక్కించిన చోటు దక్షిణాన ఇదొక్కటే, పక్కనే బంగారం ఉన్న నేల. కానీ ఇవి ఊహకు బలం ఇస్తాయి గానీ రుజువు కావు, తవ్వి చూడాల్సిందే అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, పదమూడో శాసనంలోని ఆ ఐదుగురు గ్రీకు రాజుల్లో అలికసుదరుడు ఎవరని అడిగాడు. ఎపిరస్ రాజు అలెగ్జాండరని కొందరు, కొరింత్‌ను ఏలిన అలెగ్జాండరని ఇంకొందరు. ఏది నిజమో తేలలేదంటే వాడు ఒప్పుకోలేదు. ఇద్దరి ఏలుబడి సంవత్సరాలూ రాసిమ్మన్నాడు, తనే లెక్క చూస్తాడట. రాసి, ఫోటో తీసి ఇప్పుడే వాట్సాప్‌లో పంపాను.