తంగేడు పూలూ, తిరగని లెన్సూ

2019 దసరాకి నెల ముందు కెమెరా కొనాలని పంతం పట్టాను. ఫోన్లో తీసిన బతుకమ్మ ఫోటోలు ప్రతి ఏడూ మసకే. వీడియోలు చూసి చూసి చివరికి రెండు మిగిల్చుకున్నాను: కెనాన్ 1500డి, నికాన్ డి3500. రెండూ 24 మెగాపిక్సెళ్లే కాబట్టి ఆ గొడవ లేదు. కోఠి గుజరాతీ గల్లీలో రెండూ చేత్తో పట్టుకుని చూశాను. నికాన్ పట్టు లోతుగా ఉంది, మూడు వేళ్లూ చక్కగా కూర్చున్నాయి. పైగా ఒక్క ఛార్జింగ్‌కి కెనాన్ 500 ఫోటోలు తీస్తే ఇది 1,550 తీస్తుందని కంపెనీల లెక్క. ఛార్జింగ్ పెట్టడం నాకెప్పుడూ గుర్తుండదు. అంతే, తీసేసుకున్నాను.

బయటికొస్తుంటే పక్క కొట్టు అద్దాల వెనక పాత 50 ఎంఎం ఎఫ్/1.8డి లెన్సు కనిపించింది. "చీకట్ల గూడ మస్తొస్తది అన్నా" అన్నాడు కొట్టతను. నికాన్ లెన్సు నికాన్‌కి పడదా అనుకుని బేరమాడి కొన్నాను.

ఇంటికొచ్చి బిగిస్తే టక్కున కూర్చుంది. తీరా చూస్తే తెరమీద ఎఫ్ఈఈ అని ఎర్రర్ మెరుస్తోంది, షట్టర్ పడదు. డబ్బులు నీళ్లపాలే అనుకున్నాను. రాత్రంతా వెతికితే తేలిందేమిటంటే, లెన్సు మీద వెలుతురొచ్చే రంధ్రాన్ని మార్చే రింగుని 22 దగ్గరికి తిప్పి చిన్న లాకు వెయ్యాలట. వేశాను, ఎఫ్ఈఈ పోయింది. కానీ ఫోకస్ కదలదు! ఈ రకం లెన్సులో మోటారు ఉండదు. కెమెరాలోని మోటారే ఒక చిన్న స్క్రూ లాంటి మరతో దాన్ని తిప్పాలి. నా కెమెరాలో ఆ మోటారూ లేదు, మరా లేదు. డి7000 వరసలో అయితే ఉంటుంది. కొట్టతని మాటలో అబద్ధం లేదు, ఏ కెమెరాకని నేనే చెప్పలేదు.

ఇక చేత్తోనే తిప్పాలి. ఫోకస్ కుదరగానే వ్యూఫైండర్‌లో (కన్ను పెట్టి చూసే కంతలో) కింద ఎడమవైపు పచ్చచుక్క వెలుగుతుంది. వాకిట్లో అమ్మ బియ్యం ఏరుతుంటే ఆ చుక్క కోసం రెండు వారాలు సాధన చేశాను. "ఎంతసేపురా, రాళ్లు కనవడ్తలేవు, జరుగు" అనేది.

సద్దుల బతుకమ్మ రాత్రి గుడి ముందు ట్యూబులైట్ వెలుతురు. ముందు కెమెరాతో వచ్చిన లెన్సుతో తీశాను. జూమ్ చేస్తే దాని రంధ్రం ఎఫ్/5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు. ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే మోతాదు) 1600 పెట్టినా షట్టర్ 1/15 సెకను. ఆడవాళ్లంతా దయ్యాల్లా సాగిపోయారు. ఫ్లాష్ వేస్తే తంగేడు పూలు తెల్లగా పాలిపోయాయి. అప్పుడు పాత లెన్సు తగిలించాను. ఎఫ్ నంబరు తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది (ఈ తిరకాసు లెక్క ఎవరు పెట్టారో గానీ). 1.8 దగ్గర ఒకరి ముక్కు స్పష్టంగా ఉంటే చెవి ఉండట్లేదు. 2.8కి వచ్చాను. 5.6తో పోలిస్తే వెలుతురు నాలుగింతలు, ఐఎస్ఓ 3200 చేస్తే ఇంకో రెండింతలు. షట్టర్ 1/125 అయింది. చప్పట్లు కొట్టే చేతులు కొంచెం చెదిరినా మొహాలు నిలబడ్డాయి.

తిరిగేవాళ్ల వెంట ఫోకస్ తిప్పడం మాత్రం నా వల్ల కాలేదు. నేలమీద ముగ్గు అంచు ఒకటి చూసుకుని, దానిమీద ఫోకస్ పెట్టి, అక్కడికి ఎవరొస్తే వాళ్లని తీశాను. రెండొందల పైచిలుకులో తొమ్మిది బాగా వచ్చాయి.

ఇంటికెళ్లాక అమ్మ అన్నీ చూసింది. "నా ఫోటో ఏదిరా? నాలుగు సార్లు నీ ముంగటికెల్లే పోయిన. నువ్వు ఆ డబ్బా ఎన్క తెర సూస్కుంటనే ఉన్నవ్."